కూపేయా, కన్వర్టిబులా?
పాత స్పోర్ట్స్ కారు కొనేవారికి కొన్ని మాటలు

మాటల అర్థంతోనే మా విచారణను మొదలుపెడతాము. 'కూపే' అన్నది ఫ్రెంచి భాషలోని మాట. 'కోసినది' అని దాని అర్థం. గుర్రపుబండ్ల కాలంలో పెద్ద మూతబండిని కురచ చేసి, ఒక్క వరుస సీటు మాత్రమే మిగిల్చి, ఇద్దరు కూర్చొనే బండిగా కట్టినప్పుడు దానికి ఆ పేరు వచ్చింది. 'కన్వర్టిబుల్' అన్నది మార్చుకొనడానికి వీలైనది. అంటే టాపు వేసుకొనవచ్చు, తీసివేయవచ్చు. నేటి మోటారు కార్లను చూస్తే ఈ పేర్లు తారుమారైనట్లు కనిపిస్తాయి. కూపేకు ఉక్కు కప్పు చెక్కుచెదరకుండా ఉంటుంది. కప్పు కోల్పోయి గుడ్డ టాపుతో తృప్తిపడేది కన్వర్టిబులే. పేరులోని కోత ఒకదానిది, ఒంటిమీది కోత మరొకదానిది. పాత స్పోర్ట్స్ కారు కొనేవారు తెలుసుకొనవలసిన విషయం చాలావరకు ఈ కోతలోనే ఇమిడి ఉన్నదని మా అభిప్రాయం.

కళాశాల వార్షిక సంచికలో కార్ల ముచ్చట ఏమిటని కొందరు ముక్కున వేలు వేసుకోవచ్చు. మన రోడ్లమీద రెండు తలుపుల స్పోర్ట్స్ కార్లు అరుదు. వాటి పాత సరుకు అమ్మే సంత మరీ చిన్నది. కాని తెలుగునాట చదివి అమెరికాకు, బ్రిటనుకు, గల్ఫ్ దేశాలకు వెళ్ళిన యువకులు వేలాదిమంది ఉన్నారు. వారిలో ఒకడు నాలుగైదేళ్ళు చెమటోడ్చి, చదువుకు చేసిన అప్పు తీర్చి, ఇంటి బాధ్యతలు కొన్ని దించుకొని, మిగిలిన సొమ్ముతో 'ఇది నా కోసం' అని కొనుక్కొనే మొదటి పెద్ద వస్తువు చాలాసార్లు కారే అవుతుంది. కొత్త స్పోర్ట్స్ కారు వెల అందదు. పది పదిహేనేళ్ళు వాడినది అందుతుంది. ఆ ఎంపిక తప్పితే పోయేది డబ్బు ఒక్కటే కాదు. తన సుఖానికి తాను ఖర్చుపెట్టుకొనడమే అపరాధమనే భావం అతని మనసులో పాతుకొనిపోతుంది. అందువల్ల ఇది తేలిక విషయమని మేము అనుకోము.

కూపే పక్షం వారు దృఢత్వాన్ని, లోపలి నిశ్శబ్దాన్ని, టాపు కోసే దొంగల బెడద లేకపోవడాన్ని పొగడుతారు. కన్వర్టిబుల్ పక్షం వారు ఆకాశాన్ని, గాలిని, సాయంకాలపు నీరెండను చూపుతారు. ఇద్దరూ చెప్పేది నిజమే. కాని ఇద్దరూ కొత్త కారును మనసులో పెట్టుకొని మాట్లాడుతున్నారు. పాత కారు ముందు నిలిచినప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న వేరు: ఈ కారు మొదట ఏ రూపంలో పుట్టింది?

దీనికి కారణం అందరి ఇళ్ళలో ఉండే అగ్గిపెట్టెతో తెలుస్తుంది. పెట్టె లోపలి అరను బయటికి తీసి రెండు చివరలా పట్టుకొని మెలితిప్పండి. అది ఇట్టే మెలిక తిరుగుతుంది. పై తొడుగులోకి దూర్చి మళ్ళీ తిప్పండి, బిగుసుకొని నిలుస్తుంది. కారుకు నేల, తలుపుల కింది దూలాలు, నిలువు స్తంభాలు, కప్పు కలిసి అటువంటి మూసిన పెట్టెగా పనిచేస్తాయి. కప్పు కోసివేస్తే ఆ భారమంతా కింది దూలాలమీద పడుతుంది. తయారీదారు అక్కడ అదనపు ఉక్కు వేస్తాడు, బరువు పెరుగుతుంది, అయినా పాత బిగువు రాదు. గతుకుల దారిలో ముందు అద్దం, డ్యాష్‌బోర్డు సన్నగా వణకడం దీని ఫలితమే. కారు వయసు పెరిగిన కొద్దీ, దూలాలకు తుప్పు పట్టిన కొద్దీ, ఆ వణుకు ముదురుతుంది.

ఈ దృష్టితో చూస్తే స్పోర్ట్స్ కార్లు మూడు తెగలుగా విడిపోతాయి. మొదటివి కూపేలుగా పుట్టి ఆ తరువాత కప్పు పోగొట్టుకొన్నవి. నిస్సాన్ 350జెడ్ 2002లో కూపేగా వచ్చింది. మరుసటి ఏడు దానిలోనుండే టాపు కారు తీశారు. అది కూపేకంటే సుమారు వంద కిలోలు బరువెక్కింది. ఇటువంటి చోట కూపేయే అసలు, రెండవది నకలు.

రెండవ తెగవి టాపు కార్లుగానే పుట్టినవి. 1989లో వచ్చిన మాజ్డా ఎంఎక్స్-5 వీటిలో ప్రసిద్ధమైనది. 2016 నాటికి పది లక్షల కార్లు తయారైన ఈ చిన్న బండిని మొదటి గీతనుండి కప్పు లేదనుకొనే రూపొందించారు. గేరుబాక్సును వెనుక డిఫరెన్షియల్‌తో కలుపుతూ పొడవాటి లోహపు చట్రం అమర్చారు. 1999 నుండి 2009 వరకు తయారైన హోండా ఎస్2000 కూడా ఇదే తీరు. లేని కప్పును నమ్ముకొనలేదు కనుక వీటికి కోత బాధ లేదు. వీటిని కొనదలచినవాడు దృఢత్వం పేరుతో భయపడవలసిన పని లేదు.

మూడవ తెగ మాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఇవి టాపు కార్లుగా పుట్టి ఆ పిమ్మట కప్పు సంపాదించుకొన్నవి. బ్రిటనులో 1962లో వెలువడిన ఎంజీబీకి 1965లో జీటీ అనే మూతరూపం వచ్చింది. దాని ఆకృతిలో ఇటలీకి చెందిన పినిన్‌ఫరీనా సంస్థ హస్తం ఉన్నది. 1980 వరకు రెండు రూపాలూ కలిసి ఐదు లక్షలకు పైగా తయారైనవి. టాపు లేకుండానే నిలబడగలిగేటట్లు కట్టిన ఒడలికి పైన కప్పు కూడా చేరితే బిగువుకు కొదువ ఏమున్నది? అట్లాగే బీఎండబ్ల్యూ జెడ్3కి 1998లో కూపే రూపం వచ్చినప్పుడు మెలికను ఓర్చుకొనే శక్తి రెండున్నర రెట్లకు మించిందని తయారీదారులు చెప్పుకొన్నారు. 1996 నాటి పోర్ష్ బాక్‌స్టర్ వంశంలో 2005లో కేమన్ పుట్టడమూ ఇదే వరస. కప్పు కోస్తే బలం తగ్గుతుంది. కప్పు చేరిస్తే బలం పెరుగుతుంది. ఈ చిన్న భేదాన్ని మరచి 'కూపే మేలు', 'కన్వర్టిబుల్ మేలు' అని వాదించుకొనడం వృథా.

సంతలోని వెల ఈ మేలును ఎప్పుడూ లెక్కలోనికి తీసుకోదు. బ్రిటనులో ఎంజీబీ జీటీ సాధారణంగా టాపు ఎంజీబీకంటే చౌకగా దొరుకుతుంది. 1961లో జెనీవాలో లోకానికి చూపిన జాగ్వార్ ఈ-టైప్‌లోనూ తెరిచిన కారుకే ఎక్కువ వెల. దీనికి విరుద్ధంగా, కొత్తలో అంతగా అమ్ముడుపోని జెడ్3 ఎం కూపేకు నేడు అదే ఇంజను గల టాపు కారుకంటే ఎక్కువ పలుకుతున్నది. వెల అనేది జనుల కోరికకు కొలత. బండి యోగ్యతకు కాదు. చౌకగా ఉన్నది తక్కువ అనుకొనరాదు, ప్రియమైనది గట్టిది అనుకొనరాదు.

పుట్టుక తెలిసిన తరువాత చూడవలసినది ఆరోగ్యం. టాపు కారుకు ప్రథమ శత్రువు ఎండ కాదు, నీరు. టాపుమీద పడిన వాన కారిపోవడానికి సీట్ల వెనుక సన్నని కాలువలు ఉంటాయి. ఆకులు, దుమ్ము చేరి అవి పూడుకొంటే నీరు లోపలికి తిరుగుతుంది. ఎంఎక్స్-5లో అది కింది దూలాలలో చేరి తుప్పు పట్టిస్తుంది. చలికాలంలో రోడ్లమీద ఉప్పు చల్లే బ్రిటను వంటి దేశాలలో ఈ జబ్బు మరీ ఎక్కువ. మొదటి తరం బాక్‌స్టర్‌లో సీటు కింద ఉన్న ఎలక్ట్రానిక్ పెట్టె తడిసి కారు కదలకుండా పోతుంది. 2002లో వచ్చిన జెడ్4లో టాపును నడిపే మోటారే నీటిలో మునుగుతుంది. 1996 నాటి మెర్సిడెస్ ఎస్ఎల్‌కే వంటి మడత లోహపు కప్పులలో హైడ్రాలిక్ గొట్టాలు, పంపు వయసుతో కారడం మొదలుపెడతాయి. గుడ్డ టాపు మార్చుకొనడానికి అయ్యే ఖర్చు చౌక కారు వెలలో పెద్ద భాగమే అవుతుంది. ఎంఎక్స్-5 మొదటి తరంలో వెనుక కిటికీ ప్లాస్టిక్‌ది. ఎండకు మసకబారుతుంది, చలిలో మడిస్తే పగులుతుంది. రెండవ తరంనుండి అద్దం పెట్టారు.

కాబట్టి పైన మెరుపు చూసి మురిసిపోవద్దు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత పాత కార్ల సంతకు సరిగ్గా సరిపోతుంది. సీట్ల వెనుక తివాచీ కింద అరచేయి పెట్టి తడి చూడవలె. టాపును మూడు సార్లు వేసి తీయించవలె. తలుపుల అంచుల సందు పైనా కిందా సమానంగా ఉన్నదో లేదో చూడవలె. అది ఒకవైపు మూసుకొనిపోయి ఉంటే దూలం కుంగినట్లే అనుమానించవలె. గతుకుల దారిలో నడిపి ముందు అద్దం చట్రాన్ని గమనించవలె. ఎండాకాలంలో కాక చలికాలంలో బేరమాడవలె; అప్పుడు చలిదేశాలలో టాపు కార్ల వెల తగ్గుతుంది, వాన కురిసినప్పుడు కారు తన రహస్యం తానే చెబుతుంది.

కూపే కొనేవారు నిశ్చింతగా ఉండవచ్చునా అంటే, ఉండరాదు. బిగువైన బండి కనుకనే వేగం మీద మోజు ఉన్నవారు దానిని పందెపు బాటలమీదికి తీసుకొనిపోతారు. టాపు కారు ఆదివారపు షికారులో వయసు గడిపితే, కూపే బ్రేకులు కాలేదాకా పరుగెత్తి ఉండవచ్చు. టైర్ల అరుగుదల, ఇంజను మరమ్మత్తు కాగితాలు, గుద్దుకొని అతికించిన గుర్తులు చూడకుండా కూపేను కొనడం కూడా గుడ్డితనమే.

ఇక ప్రాణరక్షణ మాట. బోల్తా పడితే కప్పు లేని కారు ప్రమాదకరమన్న భయంతో ఒకప్పుడు అమెరికా వీటిని నిషేధిస్తుందనుకొన్నారు. పోర్ష్ సంస్థ 1965లో వెనుక గట్టి కమాను గల టార్గాను చూపింది. 1976 నాటి కాడిలాక్ ఎల్డొరాడోను అమెరికాలో తయారైన చివరి కన్వర్టిబుల్‌గా ప్రచారం చేశారు. నిషేధం రాలేదు, 1982లో క్రైస్లర్ సంస్థ లెబారన్‌తో ఆ తెగను మళ్ళీ బ్రతికించింది. కాని భయానికి మూలమైన నిజం పోలేదు. బాక్‌స్టర్‌కు, ఎస్2000కు సీట్ల వెనుక ఉక్కు కమానులు పుట్టుకతో ఉన్నవి. మొదటి తరం ఎంఎక్స్-5కు లేవు. అటువంటిది కొంటే కమాను బిగించే ఖర్చును వెలలో కలుపుకొనే బేరమాడవలె.

ఊరు కూడా ఎంపికలో పాలుపంచుకొంటుంది. గల్ఫ్ ఎండలో ఏడాదిలో ఎక్కువ కాలం టాపు తీయడానికి వీలుండదు. గుడ్డ ఎండుతుంది, ఇసుక చేరుతుంది. అక్కడ కూపేయే తగినది. కాలిఫోర్నియా తీరంలో ఉన్నవాడికి ఆ మాట వర్తించదు. షెడ్డు లేక వీధిలో నిలిపేవాడు గుడ్డ టాపు కారు కొనరాదు. చాకు ఒకటి చాలు దానిని చీల్చడానికి.

ఇంత లెక్క చూస్తే సంతోషం ఎక్కడ మిగులుతుంది అని కొందరు అడుగుతారు. ఆకాశం కింద నడిపే సుఖానికి కొలత లేదని మేమూ ఒప్పుకొంటాము. అయితే తడిసిన తివాచీ వాసనలో, తెరుచుకొనని టాపు కింద ఆ సుఖం దొరకదు. లెక్క సంతోషానికి శత్రువు కాదు, కావలి.

మా తీర్పు ఇది. కోసి తెరిచినదానిని వదలవలె. తెరిచి పుట్టినది ఆరోగ్యంగా ఉంటే, షెడ్డు ఉంటే, రోజువారీ పనికి వేరొక బండి ఉంటే నిస్సంకోచంగా కొనవచ్చు. తెరిచి పుట్టి కప్పు సంపాదించుకొన్నది సరసమైన వెలకు దొరికితే చేజార్చుకొనరాదు. ఉన్నది ఒక్క కారే అయితే, అది కప్పు గలదై ఉండడమే క్షేమం. దూరదేశంలో కష్టపడి కూడబెట్టిన సొమ్ముకు ఆ మాత్రం గౌరవం ఇవ్వవలసిందిగా మన యువమిత్రులను కోరుతున్నాము.