ఇంటికి తగిన కొలిమి

కొలిమి మన పెద్దలకు క్రొత్తది కాదు. కమ్మరి తిత్తి, కంసాలి కుంపటి, కుమ్మరి ఆవము వారికి నిత్యము కనబడినవే. నేడు హోసూరు వంటి పారిశ్రామిక ప్రాంతములలో కర్మాగారపు పని నేర్చిన తండ్రులు కొందరు ఇంటివద్దనే చిన్న పనిశాల నేర్పరచుకొని, విద్యుత్తుతో నడచు కొలిమిని కొనదలచుచున్నారు. ఈ తలంపు మెచ్చదగినదే. కాని కొనబోవువారు "ఇది ఎంత వేడి నిచ్చును?" అని మొదట అడుగుచున్నారు. "మనము చేయబోవు పని యేది?" అనునదే మొదటి ప్రశ్న కావలెనని మా అభిప్రాయము.

సీసము 327 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును. అల్యూమినియమునకు 660, వెండికి 962, రాగికి 1085 డిగ్రీలు కావలెను. ఉక్కు ఉలిని కాల్చి గట్టిపరచుటకు సుమారు 800 డిగ్రీలు చాలును. ఇనుము కరగుటకు 1538 డిగ్రీలు కావలెను గనుక ఆ కోరికను కర్మాగారమునకే విడిచిపెట్టుట మేలు. కొలిమిలోని తీగను దాని కడపటి హద్దువరకు నిత్యము కాల్చినచో త్వరలో తెగిపోవును. కావున పనికి కావలసిన వేడికంటె నూరు డిగ్రీలైన అధికముగా ఓర్చు కొలిమిని ఎన్నుకొనవలెను. వెండి, ఇత్తడి పనులకు 1200 డిగ్రీల కొలిమి చాలును.

కొలిమి లోపలి గది పెద్దదైన కొలది విద్యుత్తు ఎక్కువ కావలెను. మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. 16 ఆంపియర్ల ప్లగ్గు 3680 వాట్లకు మించి ఈయజాలదు; గంటలతరబడి దానిని నిండుగా వాడుటయు క్షేమము కాదు. 2000 వాట్ల చిన్న కొలిమి తొమ్మిది ఆంపియర్లకు లోపుగనే తీసికొనును. ఎర్తు తీగ తప్పనిసరి. తలుపు తెరచినంతనే విద్యుత్తు ఆగిపోవు ఏర్పాటు లేని కొలిమిని, ఎంత చవుకగా వచ్చినను, కొనరాదు. ఇనుప పటకారు కాలుచున్న తీగకు తగిలినచో ప్రాణాపాయము.

బొగ్గు కుంపటి ఇంకను చవుక కదా యని కొందరనవచ్చును. మూసిన గదిలో దానినుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది నిద్రించువారిని నిద్రలోనే చంపును. ఏ కొలిమికైనను గాలి వచ్చిపోవు చోటు కావలెను. తడి అచ్చులో కరగిన లోహమును పోసినచో నీరు తటాలున ఆవిరియై లోహమును ముఖముపైకి ఎగజిమ్మును. కావున కంటి అద్దములకును, తోలు చేతితొడుగులకును సొమ్ము ముందుగా తీసియుంచవలెను. సొమ్ము చాలనిచో కొలిమిని చిన్నది చేసికొనుడు. వీనిని మాత్రము మానకుడు. ఇంటిలో పిల్లలు తిరుగుచుందురు.

విద్యార్థులారా! మీరు బడిలో "ద్రవీభవన స్థానము" అని చదువుదురు. తాతగారు "మూస", "పటకారు" అందురు. అంగడివాడు తమిళమున చెప్పును. కొలిమిపై అంటించిన చీటీ ఆంగ్లమున నుండును. ఆ చీటీలోని అంకెలను చదివి ఇంటివారికి తెలుగున విప్పి చెప్పువారు మీరే. తండ్రి చేతి నేర్పును, బిడ్డ చదువును ఒకచోట కూడిననే ఆ నిప్పు ఇంటికి వెలుగగును.