కిన్నెర నేర్పే గది ఏది?

పొద్దంతా కంప్యూటర్ ముందు కూసున్న మన పిల్లలు పొద్దుగూకినంక మాదాపూర్‌లో గిటార్ క్లాసులకు పోతున్నరు. ఫీజు కట్టి తీగె మీద వేలు పెట్టుడు నేర్చుకుంటున్నరు. మంచిదే. గిటారుతో మనకు పంచాది లేదు. అడిగేది ఒక్కటే. మన కిన్నెరకు అసొంటి గది ఏది? నేర్పేటోళ్లకు జీతమేది?

దర్శనం మొగులయ్య సంగతే చూడుండ్రి. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు. వెదురుబొంగు, సొరకాయ బుర్రలు, తేనెమైనంతో నిలిపిన 12 మెట్లు – అదీ ఆయన కిన్నెర. దాని మీద పండుగ సాయన్న కథ చెప్పుకుంట ఊరూరు తిరిగిన్రు. ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టిన పాలమూరు సాయన్నను జనం నాలుక మీద నిలిపినవి ఇసొంటి గొంతులే.

2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటకు ఆయన గొంతు రికార్డయింది. ఊరూరా మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర సర్కారు ఇంటి జాగ, కోటి రూపాయలు ప్రకటించింది. రెండేండ్లు తిరిగినయో లేదో, 2024 మే నెలలో తుర్కయంజాల్‌లో ఇల్లు కట్టేకాడ ఆయన కూలిపని చేస్తున్న వీడియో బయటికొచ్చింది. నెలకు 10 వేల గౌరవ వేతనం ఆగిందని ఆయనే చెప్పుకున్నరు.

‘ఇన్ని ఇచ్చినంక ఇంకేం కావాలె?’ అనేటోళ్లున్నరు. ఇచ్చినయన్నీ మనిషికి. విద్యకు ఏమిచ్చిన్రు? డక్కలోళ్ల చేతుల్లో తరాలుగా బతికిన వాద్యమిది. పక్కన కూసొని చూసి నేర్వాలె. రికార్డులో పాట దొరుకుతది. మెట్టు ఎక్కడ నిలపాలె, మైనం ఎంత పెట్టాలె, కథ నడుమ తీగె ఎప్పుడు మీటాలె – అది గురువు దగ్గరనే దొరుకుతది. ఆ గురువును తట్ట మోపిస్తే శిష్యుడు ఎట్ల వస్తడు?

సైబర్ టవర్స్ కూతవేటు దూరంలోనే శిల్పారామం ఉన్నది. అండ్ల ఒక్క కిన్నెర గది పెట్టుండ్రి. వాయించేటోళ్లకు పండుగకో శాలువా కాదు, నెలనెలా జీతమియ్యుండ్రి. నేర్వవచ్చిన డక్కలి పిల్లలకు ఉపకార వేతనమియ్యుండ్రి. శనివారం పూట మన ఉద్యోగులు, విద్యార్థులు కూడా పోయి కూసోవాలె.

ఫోన్లో విని మెచ్చుకున్నది చాలు. ఇగ నేర్చుకుందాం.