వంత లేని బుర్రకథ : నాజర్ గానశైలి పరిశీలనలో ఒక మౌలికలోపం

ఆధునిక బుర్రకథకు షేక్ నాజర్ (1920–1997) పర్యాయపదమైనారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టి, ప్రజానాట్యమండలి వేదికల మీద ఎదిగి, 1986లో పద్మశ్రీ పురస్కారం అందుకున్న ఆ కళాకారుని ‘బుర్రకథ పితామహుడు’ అని లోకం గౌరవించింది. ఆ గౌరవానికి ఆయన సర్వవిధాలా అర్హుడు. అయితే లోకం ఇచ్చిన బిరుదు పరిశోధకునికి పద్ధతిగా మారినప్పుడు చిక్కు మొదలవుతుంది. ముగ్గురు పాడే కళను ఒక్కరి కళగా, మూడు కంఠాల నిర్మాణాన్ని ఒక్క కంఠం మహిమగా చూపే వ్యాసాలూ సిద్ధాంత గ్రంథాలూ ఈ బిరుదు నీడలోనే పెరిగాయి. నాజర్ గానశైలిని గురించి విశ్వవిద్యాలయాల్లో జరుగుతున్న చర్చ ఈ కారణంగానే ఆయన గానానికి దూరంగా నిలిచిపోయింది.

ముందుగా కళారూప నిర్మాణాన్ని గుర్తుచేసుకోవాలి. భుజాన తంబురా, బొటనవేలికి అందె, కాళ్లకు గజ్జెలతో కథకుడు మధ్య నిలుస్తాడు. ఇరువైపులా డక్కీలు వాయిస్తూ ఇద్దరు వంతలు ఉంటారు. జంగం కథ, శారద కథ వంటి పూర్వరూపాల్లోనూ వంత ఉన్నది. కథకునికి ఇంటి స్త్రీలే వంత పాడిన సంప్రదాయమూ ఉన్నది. 1940ల ఆరంభంలో గుంటూరు జిల్లా కమ్యూనిస్టు కార్యకర్తలు ఈ రూపాన్ని చేపట్టినప్పుడు వచ్చిన అసలు మార్పు వంతల విషయంలోనే కనిపిస్తుంది. ఒక వంతకు హాస్యం, మరొక వంతకు రాజకీయం అప్పగించబడ్డాయి. పాత కథను నేటి కరువుకూ నేటి పన్నుకూ ముడిపెట్టడం ఒకరి పని. ఆ ముడిని నవ్వుతో బిగించడం మరొకరి పని. ఆధునిక బుర్రకథను పూర్వరూపాలనుంచి వేరుచేసే ప్రధాన లక్షణం ఇదే అయినప్పుడు, ఆ లక్షణాన్ని మోసే ఇద్దరినీ వదిలి కథకునికి మాత్రమే పితృత్వం కట్టబెట్టడం చారిత్రకంగానూ సరికాదు.

నాజర్ జీవితమే ఇందుకు సాక్ష్యం. తొలి దళంలో కథకుడు కాకుమాను సుబ్బారావు. నాజర్ వంతగా నిలిచి హాస్యం చెప్పారు. కథకుని స్థానానికి ఆయన ఆ తరువాతనే వచ్చారు. ఈ సంగతిని జీవితచరిత్రలో ఒక మెట్టుగా మాత్రమే పేర్కొని ముందుకు సాగిపోవడం పరిశోధకులకు అలవాటైంది. నిజానికి గానశైలికి మూలం వెదికేవారు ఆగవలసిన చోటు అదే. హాస్యవంతకు కావలసినవి చెవి, సమయస్ఫూర్తి. కథకుని చరణం ఎక్కడ విరుగుతుందో ముందే పసిగట్టి, తాళం తప్పకుండా మాటను అక్కడ దూర్చగలగాలి. ప్రేక్షకుల నవ్వు అణగేదాకా డక్కీని నడిపి, నవ్వు అణగిన క్షణంలోనే కథను తిరిగి కథకునికి అందించాలి. ఈ విద్యలో ఆరితేరినవాడు కథకుడైతే, తన పాటలో వంతకు చోటు ఎక్కడ విడవాలో అతనికి వేరొకరు నేర్పనక్కరలేదు. రామకోటి, పురుషోత్తం వంటి సహచరులతో నాజర్ నడిపిన కథనంలోని వేగాన్ని ఆయన వ్యక్తిగత ప్రతిభగా మాత్రమే వర్ణించేవారు ఈ శిక్షణను లెక్కలోకి తీసుకోవడం లేదు.

రెండవ లోపం పాఠానికి సంబంధించినది. బుర్రకథపై వచ్చే అధ్యయనాల్లో ఇతివృత్తం, పాత్రచిత్రణ, ఛందస్సు, భాషావిశేషాలు అనే అధ్యాయక్రమం దాదాపు స్థిరపడిపోయింది. వీటన్నిటికీ ఆధారం అచ్చుప్రతి. అచ్చుప్రతిలో ‘తందాన తాన’ ఒకటి రెండు చోట్ల కనిపించి మాయమౌతుంది. వంతల ప్రశ్నలు కుదించబడతాయి. హాస్యం ఆ పూటకు ఆ ఊళ్లో పుట్టినది కాబట్టి అచ్చుకే ఎక్కదు. ‘పల్నాటి యుద్ధం’, ‘బొబ్బిలి యుద్ధం’ వంటి కథల పాఠాన్ని మాత్రాగణాలుగా విడదీసినంత మాత్రాన గానశైలి తెలియదు. చరణం చివరి అక్షరాన్ని కథకుడు ఎంతసేపు నిలిపాడు, ఆ నిలుపుదల మీదికి వంతలు ఏ స్థాయిలో వచ్చి చేరారు, డక్కీ నడక చతురశ్రంనుంచి తిశ్రానికి ఎక్కడ మారింది అన్న ప్రశ్నలకు ఛందోవిశ్లేషణలో జవాబు లేదు.

ఇక్కడే మౌఖిక సూత్రసిద్ధాంతాన్ని తెలుగు వీరగాథలకు అన్వయించే ధోరణిని కూడా ప్రశ్నించాలి. మిల్మన్ పారీ, ఆల్బర్ట్ లార్డ్ తమ సిద్ధాంతాన్ని నిర్మించుకున్నది యుగోస్లావియా గాథాగాయకుల ఆధారంగా. లార్డ్ గ్రంథం 1960లో వెలువడింది. ఆ గాయకుడు గుస్లె అనే తంత్రీవాద్యాన్ని తానే వాయించుకుంటూ ఒంటరిగా పాడతాడు. పాదం వెంట పాదం తానే కల్పించుకోవాలి. అందుకే పదబంధ సూత్రాలు అతనికి ఊతకర్రలు. బుర్రకథకునికి మరొక ఊత ఉన్నది. అతని చరణం ముగిసిన వెంటనే వంతలు అందుకుంటారు. ఆ కొద్దిపాటి వ్యవధిలో అతడు ఊపిరి తీసుకుంటాడు, తరువాతి చరణాన్ని తలపుకు తెచ్చుకుంటాడు, ప్రేక్షకుల ముఖాలు చూస్తాడు. వంత ‘ఆహా’ అన్నా, ‘ఆ తరువాత’ అని అడిగినా కథకునికి దక్కేది కాలం. సూత్రాల జాబితా తయారుచేసి బుర్రకథ మౌఖిక నిర్మాణాన్ని వివరించామనుకోవడం, ఒంటరి గాయకునికి కొలిచి కుట్టిన చొక్కాను ముగ్గురికి తొడగడమే.

అంతేకాదు, నాజర్ కథలకు వ్రాతప్రతులున్నాయి. కొన్నింటిని ఆయనే రచించారు. కాబట్టి పాటభాగం చాలావరకు స్థిరమైనదే. ప్రదర్శన సమయంలో అప్పటికప్పుడు పుట్టేది వచనం, హాస్యం, రాజకీయ వ్యాఖ్య. అంటే బుర్రకథలో ఆశుకల్పనకు ప్రధాన నిలయం కథకునికీ వంతలకూ మధ్య సాగే సంభాషణ. మౌఖికతను గురించి మాట్లాడే పరిశోధన, మౌఖికత అత్యధికంగా ఉన్న భాగాన్నే విడిచిపెట్టి, రచితమైన భాగంలో మౌఖిక సూత్రాలను వెదకడం విచిత్రం.

మూడవ లోపం ‘శుద్ధ జానపదం’ అనే భావన నుంచి వచ్చినది. నాజర్ బాల్యంనుంచే నాటకాల్లో పాత్రలు ధరించారు, హార్మోనియం నేర్చారు, మురుగుళ్ళ సీతారామయ్య వద్ద శాస్త్రీయ సంగీతం అభ్యసించారు. ఈ విద్యనంతా కొందరు ఆయన జానపదత్వానికి అంటిన మరకగా చూస్తారు. మరికొందరు ఆయనను కాపాడబోయి, అదంతా పైపూత అనీ లోపలి గొంతు సహజమైన పల్లెగొంతే అనీ వాదిస్తారు. రెండు వాదాలకూ పునాది ఒక్కటే: జానపద గాయకుడు నేర్వకూడదు, నేర్చినా ఆ నేర్పు కనబడకూడదు. ఈ పునాది చరిత్రకు నిలవదు. పద్యనాటకం పంతొమ్మిదవ శతాబ్ది చివరినుంచే పల్లెలకు చేరింది. సురభి సమాజాలు ఊరూరా డేరాలు వేశాయి. నాజర్ ఎదిగే నాటికి రాగం తీసి పద్యం పాడడం గుంటూరు సీమలోని సామాన్య శ్రోతకు కొత్తది కాదు. ఆ చెవికి కథ చెప్పవలసిన కళాకారుడు ఆ చెవికి తెలిసిన సంగీతాన్ని వాడుకోవడం కలుషితం ఎట్లా అవుతుంది?

పైగా ఈ ప్రభావాలు ఆయన కథనంలో ఒకదానిపై ఒకటి కుప్పగా పడలేదు. ఒక్కొక్కటి ఒక్కొక్క పనికి నియోగించబడింది. నాటకపద్యంనుంచి వచ్చినది స్వరాన్ని పై స్థాయిలో నిలిపే దమ్ము. అది వీర, రౌద్ర ఘట్టాలకు అక్కరకు వస్తుంది. శాస్త్రీయాభ్యాసంనుంచి వచ్చినది శ్రుతి నిలకడ. గజ్జెకట్టి ముందుకూ వెనక్కూ అడుగులు వేస్తూ పాడేవానికి ఇది లేకపోతే రెండు గంటల కథ ముగిసేలోగా గొంతు జారిపోతుంది. జంగం కథాసంప్రదాయంనుంచి వచ్చినది అక్షరస్పష్టత, పరుగు. ఈ మూడింటినీ కలిపే తాళసూత్రం మాత్రం వంతల చేతిలోని డక్కీలది. పద్యం దగ్గర తాళం ఆగాలి, పాట దగ్గర తిరిగి అందుకోవాలి, యుద్ధఘట్టంలో వేగం పెరగాలి. ఈ మలుపుల్లో ఒక్కదాన్ని వంతలు అందుకోలేకపోయినా కథకుని సంగీతవిద్య వేదిక మీద అక్కరకు రాదు. కనుక సంగీత ప్రభావాల చర్చా వేదికాసహచరుల చర్చా వేరువేరు అధ్యాయాలుగా నడిచేవి కావు.

దీనికి రెండు ప్రత్యుత్తరాలు తరచు వినిపిస్తాయి. వంతలు మారుతుంటారు, కథకుడు మాత్రం నిలిచి ఉంటాడు కాబట్టి శైలి కథకునిదే అన్నది మొదటిది. వంత మారినప్పుడు కథ మారిందా లేదా అని పరిశీలించిన తరువాతనే ఈ మాట అనడానికి హక్కు వస్తుంది. ఒకే కథను వేర్వేరు వంతలతో చెప్పిన సందర్భాలను పోల్చకుండా శైలి ఎవరిదో తేల్చడం తీర్పును ముందే రాసుకోవడం. వంతల గురించి ఆధారాలు లేవన్నది రెండవది. ‘అగ్గిరాముడు’ (1954) చిత్రంలో నాజర్ దళం చెప్పిన అల్లూరి సీతారామరాజు కథ ఎవరైనా నేడు చూడగలిగిన ఆధారం. అంగడాల వెంకటరమణమూర్తి గ్రంథస్థం చేసిన నాజర్ ఆత్మకథ ‘పింజారి’ మరొకటి. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ కళారూపాల చరిత్రకు దారి చూపుతూనే ఉన్నది. లోటు ఆధారాల్లో కన్నా వాటిని అడిగే ప్రశ్నల్లోనే ఎక్కువగా ఉన్నది.

ఈ చర్చ కేవలం కీర్తి పంపకానికి సంబంధించినది కాదు. విశ్వవిద్యాలయం దేన్ని నమోదు చేస్తుందో దాన్నే తరువాతి తరం బుర్రకథ అని నేర్చుకుంటుంది. వంతకు పాఠంలో చోటు లేకపోతే వేదిక మీదా చోటు తగ్గుతుంది. ప్రభుత్వ పథకాల ప్రచారానికి కుదించిన కథల్లో వంత ‘తందాన’ అనడానికే పరిమితమౌతున్నాడు. ప్రశ్నించడం, ఎత్తిపొడవడం అతని పనుల్లోంచి జారిపోతున్నాయి. పాలకులను వేదిక మీద నిలదీసే హక్కు గల ఆ కంఠం ముందుగా మూగబోవడం యాదృచ్ఛికం కాదు. తమకు తెలియకుండానే పరిశోధకులు ఆ మౌనానికి శాస్త్రీయమైన ముద్ర వేస్తున్నారు.

కావున బుర్రకథపై చేపట్టే ప్రతి అధ్యయనమూ కొన్ని కనీస నియమాలు పాటించాలి. ప్రదర్శనపాఠాన్ని కథకునికీ ఇద్దరు వంతలకూ విడివిడిగా, మూడు వరుసల్లో లిఖించాలి. డక్కీ నడకనూ ఆపుదలలనూ చరణాలతోపాటు గుర్తించాలి. ముద్రణలో ముగ్గురి పేర్లూ ఉండాలి. వయసు మళ్లిన వంతకళాకారులనుంచి కథకుని విశేషాలు రాబట్టడంతో తృప్తిపడక, వారి విద్యను గురించి వారినే అడగాలి; ఈ పనికి మిగిలిన వ్యవధి ఎక్కువ లేదు. ఈ కొలతలతో చూసినప్పుడు నాజర్ స్థానం తగ్గుతుందని భయపడనక్కరలేదు. వంతగా మొదలై, వంతలతో పాడి, వంతకు చోటు విడవడం తెలిసిన కథకునిగా ఆయన గానం అప్పుడే సరిగా వినబడుతుంది.