ఇంటి మీద సోలార్: లెక్క చూసుకొని దిగుదాం



ఎండాకాలం వస్తే మన మొగుడంపల్లి మండలంలో కూలరు లేకుండా రాత్రి గడవదు. కూలరుతో పాటు మీటరూ తిరుగుతుంది. సరిగ్గా అప్పుడే సోలార్ ఏజెంట్లు ఊళ్లకు వచ్చి "ఇక జన్మలో బిల్లు కట్టే పని లేదు" అంటుంటారు. సంతకం పెట్టేముందు మన బిల్లును మనం చదువుకోవాలి.

2022 ఏప్రిల్‌లో పెంచిన ధరలు చూడండి. నెలకు 200 యూనిట్లు కాలిన ఇంటికి మొదటి వందకు యూనిట్‌కు రూ. 3.40, రెండో వందకు రూ. 4.80 పడుతుంది. మొత్తం రూ. 820. ఒక్క యూనిట్ ఎక్కువ కాలితే మొదటి 200 యూనిట్ల ధర కూడా రూ. 5.10కి మారుతుంది. అంటే రూ. 1,020. ఆ పైన 300 దాకా యూనిట్‌కు రూ. 7.70. స్థిర ఛార్జీలు వేరే. 2024 మార్చి నుంచి అమలైన గృహజ్యోతి కూడా 200 దగ్గరే ఆగుతుంది. తెల్లకార్డు ఉన్నా, ఆ గీత దాటిన నెల బిల్లంతా కట్టాల్సిందే.

కాబట్టి గృహజ్యోతి వస్తూ, ఏడాది పొడుగునా 200 లోపే కాలే ఇల్లు సోలార్ కోసం అప్పు చేయనక్కరలేదు. కార్డు లేని ఇళ్లు, ఫ్రిజ్, కూలర్లు, ఇంటి బోరు కలిసి నెలకు 250, 300 యూనిట్లు కాలే ఉమ్మడి కుటుంబాలు మాత్రం తప్పక ఆలోచించాలి.

ఒక కిలోవాట్ పలకలు మన ఎండకు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. నీడ పడని చోటు 100 చదరపు అడుగులు కావాలి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన పీఎం సూర్యఘర్ కింద రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు రూ. 30,000, మూడో దానికి రూ. 18,000 సబ్సిడీ. ఎంత పెద్దది పెట్టినా రూ. 78,000 దాటదు. 250 యూనిట్లు కాలే ఇంటికి రెండు కిలోవాట్లు చాలు. నెలకు రూ. 1,300 దాకా మిగులుతుంది. సబ్సిడీ పోగా చేతి నుంచి 80 వేలు పడినా ఐదారేళ్లలో తీరుతుంది. ఆ తర్వాత ధరలు పెరిగినా మన ఇంటికి దెబ్బ తక్కువ.

ఏజెంట్లు చెప్పని సంగతులూ ఉన్నాయి. సబ్సిడీ ముందుగా రాదు, బిగించి, తనిఖీ అయ్యాక ఖాతాలో పడుతుంది. బ్యాటరీ లేకపోతే లైన్‌లో కరెంటు పోయినప్పుడు సోలార్ కూడా ఆగిపోతుంది. నెట్ మీటరు పెట్టేదాకా మిగులు కరెంటుకు లెక్క ఉండదు. పలకలు మన దేశంలో తయారైనవే కావాలి, బిగించేది పథకంలో నమోదైనవాళ్లే అయి ఉండాలి. ఐదేళ్ల సర్వీసు కాగితం మీద రాయించుకోండి.

ఇక సర్కారు సంగతి. నాగర్‌కర్నూల్ జిల్లాలో ముఖ్యమంత్రి సొంతూరు కొండారెడ్డిపల్లిని సోలార్ గ్రామంగా చేశారు. మంచిదే. మన తండాలకు, రేకుల ఇళ్లకు, సొంత ఇల్లు లేని కూలీలకు, కౌలురైతులకు ఆ వెలుగు ఎప్పుడొస్తుంది? పెట్టుబడి పెట్టగలిగినవాడే బిల్లు తప్పించుకుని, పెట్టలేనివాడి మీద భారం మిగలడం న్యాయం కాదు. ఇళ్ల మీద వీలు లేనిచోట పంచాయతీ, బడి కప్పుల మీద పెట్టి, ఆ కరెంటును పేదల లెక్కలో వేయాలి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. సోలార్ ఇచ్చామన్న సాకుతో వ్యవసాయ ఉచిత కరెంటు మీద చేయి వేస్తే ఊరుకోం. 2000 ఆగస్టు 28న కరెంటు ఛార్జీల పెంపును ఎదిరించి బషీర్‌బాగ్‌లో ముగ్గురు ప్రాణాలిచ్చారు. 2004లో ఉచిత కరెంటు వచ్చిందంటే దాని వెనుక ఆ పోరాటం ఉంది. 2020లో ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్న రైతులు విద్యుత్ సవరణ బిల్లును కూడా వెనక్కి తీసుకోమన్నది ఇందుకే.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశానికి ఏడాది బిల్లులు పట్టుకొని రండి. ఎవరికి లాభమో, ఎవరికి కాదో కూర్చొని లెక్కేద్దాం. లాభం ఉన్నవాళ్లు పదిమంది ఒక్కటై బేరమాడితే ధరా తగ్గుతుంది, మోసమూ తగ్గుతుంది. మిగిలినవాళ్ల కోసం సంఘం తరఫున కలెక్టరుకు వినతిపత్రం ఇద్దాం.