ఆకాశమున కన్ను: డ్రోను ఛాయాగ్రహణము, దాని మేలు, కీడు, మర్యాద

గోడలకు చెవులుండునని తెలుగువారును, ఉర్దూవారును ఒకే విధముగా చెప్పుకొందురు. ఆ సామెత పుట్టిన దినములలో ఆకాశమునకు కన్నులు లేవు. నేడు అవియును వచ్చినవి. అరచేతిలో ఇమిడెడు యంత్రమొకటి నాలుగు చిన్న రెక్కలతో పైకి లేచి మన ఊరిని, మన పొలమును, మన ఇంటి డాబాను చిత్రించి క్రిందికి దిగుచున్నది. వివాహములందును, సభలందును, ఊరేగింపులందును డ్రోను ఎగురుట మామూలైపోయినది. మన విద్యార్థులలో పలువురు ఈ విద్యను నేర్వవలెనని ఉబలాటపడుచున్నారు. పెద్దలలో కొందరు దీనిని చూచి భయపడుచున్నారు. ఈ రెండును అకారణములు కావు. కనుక దీని మేలును, కీడును, దీనిని వాడవలసిన పద్ధతిని గూర్చి కొంత ఆలోచింతము.

పై నుండి భూమిని చూడవలెనను కోరిక క్రొత్తది కాదు. 1858లో నాదార్ అను ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు ప్యారిస్ సమీపమున బెలూనులో ఎగిరి చిత్రము తీసెను. 1908 ప్రాంతమున జర్మనీ దేశపు మందుల వ్యాపారి జూలియస్ నాయ్‌బ్రోనర్ పావురముల రొమ్మునకు చిన్న కెమెరాలు కట్టి ఎగురవేసెను. పావురములను పెంచుటలో పేరుపడిన హైదరాబాదు పాతబస్తీ వారికి ఈ సంగతి వినోదము కలిగించును. అయితే ఆ పావురము ఏ దిక్కున పోవునో, ఏమి చిత్రించునో యజమాని చేతిలో లేకుండెను. నేటి డ్రోను అట్టిది కాదు. ఉపగ్రహముల సంకేతములతో తన స్థానమును తెలిసికొని, నిలువమన్న చోట నిలిచి, చూడమన్న దానినే చూచును. దాని గొప్పతనమును, దాని వలన రాగల ముప్పును ఈ విధేయతలోనే ఉన్నవి.

మొదట మేలును చెప్పుకొందము. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో అనేక కాలనీలు నీట మునిగినప్పుడు, మనుష్యులు చేరలేని ఇండ్లకు డ్రోనులు ఆహారమును, నీటిని మోసికొనిపోయినవి. 2020 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన స్వామిత్వ పథకము క్రింద గ్రామములలోని నివాసస్థలములను డ్రోనులతో చిత్రించి, హద్దులు గుర్తించి, యజమానులకు ఆస్తి పత్రములు ఇచ్చుటకు పూనుకొనిరి. ఒకదానినొకటి కొంత కప్పుకొనునట్లు తీసిన వందలాది చిత్రములను కంప్యూటరు జతపరచి కొలతలతో కూడిన పటముగా మార్చును. గొలుసు పట్టుకొని దినముల తరబడి చేయు పని గంటలలో ముగియును. శిథిలమైన కోట బురుజుపై పగుళ్లను పరంజా కట్టకయే పరిశీలింపవచ్చును. చెరువు ఎంత మేర కబ్జా అయినదో, పంట ఎక్కడ ఎండుచున్నదో చూపవచ్చును. ఉద్యోగములు కరువైన ఈ రోజులలో చదువుతోపాటు ఇట్టి పనితనము గల యువకునకు, యువతికి జీవనోపాధి దొరకుట చిన్న సంగతి కాదు.

ఇక ప్రమాదముల మాట. గాలి ఒరపిడిని విడిచి లెక్కించినచో, 50 మీటర్ల ఎత్తునుండి పడిన వస్తువు నేలను తాకునప్పటికి గంటకు 110 కిలోమీటర్లకు పైబడిన వేగమును పొందునని మన భౌతికశాస్త్ర విద్యార్థులు ఒక నిమిషములో చెప్పగలరు. గాలి ఆ వేగమును కొంత తగ్గించినను, అరకిలో బరువు తలపై పడినచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. 2015 డిసెంబరులో ఇటలీలో జరిగిన మంచు క్రీడల పోటీలో ఆస్ట్రియా క్రీడాకారుడు మార్సెల్ హిర్షర్ జారి వచ్చుచుండగా, చిత్రీకరణకు వాడుచున్న డ్రోను అతని వెనుకనే కూలెను. వెంట్రుకవాసిలో ప్రాణము దక్కినది. 2018 డిసెంబరులో డ్రోనులు కనబడినవను వార్తతో లండన్ గాట్విక్ విమానాశ్రయమున సుమారు వేయి విమానములకు అంతరాయము కలిగెను. 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరముపై డ్రోనులతో ప్రేలుడు పదార్థములు జారవిడిచిరి. అప్పటినుండి అనుమతిలేని డ్రోను కంటబడగానే పోలీసులు అనుమానముతో చూచుట సహజమైనది. ఆ అనుమానము ఎవరి మీద ఎంత త్వరగా వాలునో మన విద్యార్థులకు చెప్పవలసిన పనిలేదు. తెలియక చేసిన పొరపాటును కుటుంబమంతయు మోయవలసి వచ్చును. కనుక ఇతరులకంటె మనమే నియమములను ఎక్కువగా తెలిసికొనవలెను.

అయినను మా దృష్టిలో అన్నిటికంటె పెద్ద ప్రమాదము యంత్రము పడుట కాదు, యంత్రము చూచుట. పంతొమ్మిదవ శతాబ్దపు కైరో నగర జీవితమును వర్ణించిన ఎడ్వర్డ్ లేన్ అను ఆంగ్ల పండితుడు ఒక ముచ్చట వ్రాసెను. మీనారు ఎక్కి అజాన్ పలుకుటకు అంధులను ఎన్నుకొనుట మేలని అక్కడివారు తలచెడివారట. పైనుండి ఇరుగుపొరుగు వారి డాబాలు, లోగిళ్లు పరుల కంట పడకుండుటయే దానికి కారణము. ఎత్తున నిలిచినవానికి క్రింద ఉన్నవారిపట్ల బాధ్యత కలదని ఆ సమాజము గుర్తించినది. నేడు ఎత్తునకు ఎక్కువాడు అంధుడు కాడు. వాని చేతిలో మిక్కిలి స్పష్టముగా చూచు కెమెరా ఉన్నది.

ఈ రోజులలో అందరి చేతిలో కెమెరా గల ఫోను ఉండగా డ్రోనునకే ఎందుకీ ఆక్షేపణ అని విద్యార్థులు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. కాని వీధిలో ఫోనుతో చిత్రము తీయువాడు మనకు కనబడును. ముఖము త్రిప్పుకొనవచ్చును, వలదనవచ్చును, నిలదీయవచ్చును. డ్రోను విషయమున తీయువాడు ఎవడో, ఎక్కడ ఉన్నాడో తెలియదు. డాబాపై బట్టలు ఆరవేయు స్త్రీకి వలదని చెప్పుటకు ఎదుట మనిషియే లేడు. అంగీకరించుటకును, నిరాకరించుటకును వీలులేని స్థితిలో తీసిన చిత్రము దొంగిలించిన వస్తువుతో సమానము. ఏకాంతము పౌరుని ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను ప్రకారము ఏకాంతములోనున్న స్త్రీని చాటుగా చూచుట, చిత్రించుట శిక్షార్హమైన నేరము.

2021 ఆగస్టులో వెలువడిన డ్రోను నిబంధనలు డ్రోనులను బరువును బట్టి తరగతులుగా విభజించినవి. 250 గ్రాములకు మించని నానో తరగతికి పైలటు ధ్రువపత్రము అక్కరలేదనినవి. 2 కిలోల వరకు గల మైక్రో తరగతికి, వాణిజ్యము నిమిత్తము ఎగురవేయువారికి ధ్రువపత్రము కావలెననినవి. అనగా సొమ్ము తీసికొని పెండ్లికి డ్రోను ఎగురవేయు కుర్రవాడు అది లేకుండ పని చేసినచో చిక్కులలో పడును. బరువును బట్టి విభజించుట విమానముల భద్రత దృష్ట్యా సబబే. కాని 2019లో వచ్చిన మావిక్ మినీ అను డ్రోను బరువు 249 గ్రాములు మాత్రమే. దాని కెమెరా పొరుగింటి పెరటిని చక్కగా చూపగలదు. తక్కెడ బరువును తూచును గాని చూపును తూచలేదు. చట్టము ఆగిన చోట మర్యాద మొదలు కావలెనని మేము చెప్పుట ఇందువలననే.

సురక్షితముగా ఎగురవేయుటకు నియమములు కష్టమైనవి కావు. మొదట డిజిటల్ స్కై పటములో ఆ ప్రదేశము ఏ రంగులో ఉన్నదో చూడవలెను. ఆకుపచ్చ మండలములో సాధారణముగా 400 అడుగుల వరకే ఎగురవచ్చును. పసుపు, ఎరుపు మండలములలో అనుమతి కావలెను. బేగంపేట, హకీంపేట, దుండిగల్ వంటి స్థావరములు గల నగరమున ఈ పటము చూడక అడుగు వేయరాదు. చారిత్రక కట్టడముల వద్ద పురావస్తు శాఖ అనుమతి తీసికొనవలెను. డ్రోను ఎల్లప్పుడు కంటికి కనబడు దూరములోనే ఉండవలెను. జనసమూహముపై ఎగురవేయరాదు. బలమైన గాలి, వాన, విద్యుత్ తీగలు, గద్దలు, సంక్రాంతి దినములలో గాలిపటముల మాంజా—ఇవి అన్నియు దానికి శత్రువులే. తిరిగి వచ్చు ఎత్తును చుట్టుప్రక్కల చెట్లకంటె, మేడలకంటె పైన నిర్ణయింపవలెను. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు. ఛార్జింగులో పెట్టి విడిచిపోరాదు. ముఖ్యముగా, ఎగురవేయు ముందు ఇరుగుపొరుగు వారికి చెప్పవలెను. చిత్రములో పొరపాటున పడిన పరుల ఇంటి భాగమును తొలగింపవలెను.

కళాశాల యాజమాన్య సంఘమునకు మా మనవి ఒకటి. డ్రోనును పూర్తిగా నిషేధించుట సులభమే. కాని నిషేధము మన ప్రాంగణము గోడ దాటి పనిచేయదు. గోడకు అవతల విద్యార్థి ఎవరి శిక్షణయు లేక దానిని ఎగురవేయును. అంతకంటె ప్రాంగణములో ప్రిన్సిపాలు వ్రాతపూర్వక అనుమతి, అందరికి ముందు సమాచారము, బాలికల వసతిగృహము వైపును, చుట్టుప్రక్కల ఇండ్ల వైపును కెమెరా త్రిప్పరాదను కట్టడి ఏర్పరచుట మేలు. వార్షికోత్సవ చిత్రములను బయటికి విడుదల చేయు ముందు అధ్యాపకురాండ్రు కూడ ఉన్న చిన్న సంఘము చూడవలెను. పైలటు ధ్రువపత్రమునకు 18 సంవత్సరముల వయస్సు, పదవ తరగతి ఉత్తీర్ణత, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ ఉండవలెను. మొదటి రెండును మన డిగ్రీ విద్యార్థులకు ఇంచుమించు అందరికి కలవు. మూడవదానికే డబ్బు అడ్డము వచ్చుచున్నది. కళాశాల డ్రోనును కొనుటకంటె, ఏటా కొందరు పేద విద్యార్థుల శిక్షణ రుసుములో సగమైనను భరించుట మంచిదని మా అభిప్రాయము. వారిలో విద్యార్థినులు తప్పక ఉండవలెను. చూడబడుట ఎట్టిదో వారికి తెలియును గనుక, చూచునప్పుడు పాటింపవలసిన హద్దు వారికి మరింత బాగుగ తెలియును.

విద్యార్థులకు చెప్పవలసిన మాట చిన్నది. రిమోటు చేతబట్టి డ్రోనును పైకి పంపు ముందు, అదే డ్రోను మీ ఇంటి డాబాపై ఆగినచో మీ అమ్మ ఏమనునో ఒక్క క్షణము తలచుకొనుడు. ఆమె అభ్యంతరము చెప్పని చిత్రమునే తీయుడు.