భూసార పరీక్ష: కాగితమా, పొలమా?

"భూసార పరీక్ష చేయించండి" అని రైతుకు చెప్పని వారు లేరు. మంచిదే. కాని ఆ మట్టి ఎక్కడిది, ఎంత లోతుది, ఏ వాలులోది అని అడిగేవారేరీ?

2015లో సాయిల్ హెల్త్ కార్డు పథకం మొదలైనప్పుడు వర్షాధారపు నేలల్లో 10 హెక్టార్లకు ఒక నమూనా అన్నారు. అంటే సుమారు పాతిక ఎకరాలు! మా జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో అంతదూరం నడిస్తే మెరకన ఎర్రనేల, పల్లాన నల్లరేగడి రెండూ తగలొచ్చు. రెండింటికీ ఒకే కార్డా?

కార్డులోని 12 అంశాలూ అవసరమైనవే. కాని నత్రజని ఎంతో చెప్పే అంకె, నీరు నిలుస్తుందో లేదో చెప్పదు. రేగడిలోని బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ముసురు పట్టి నీరు నిలిస్తే వేళ్లకు గాలాడక పత్తి పాలిపోతుంది. అది చూసి యూరియా గుమ్మరిస్తే అప్పు పెరుగుతుంది గాని కాపు పెరగదు. సున్నం ఎక్కువున్న నేలలో జింకు ఉండీ పైరుకు అందదు. సిమెంటు ఫ్యాక్టరీలకు రాయినిచ్చే జగ్గయ్యపేట వారికి సున్నం సంగతి ఒకరు చెప్పాలా?

నేలంటే రాయి, వాన, వాలు, జీవరాశి, కాలం కలిసి చేసిన వస్తువని రష్యా శాస్త్రవేత్త డొకుచాయెవ్ 19వ శతాబ్దంలోనే చెప్పాడు. మా నాయన ఆ పేరు విన్లేదు. అయినా గడ్డ పిడికిట్లో నలిపి, మబ్బు వంక చూసి, ఈ చెక్కలో కంది, ఆ చెక్కలో పత్తి అంటాడు. ఇద్దరిదీ ఒకటే మాట.

కనుక ఊరికి కనీసం రెండు గుంతలు, మెరకన ఒకటి, పల్లాన ఒకటి, మీటరు లోతున తవ్వాలి. పొరల రంగు, వాలు, మండలం వర్షపాతం, లేబరేటరీ అంకెలు, రైతు మాట అన్నీ ఒకే కాగితం మీదికి రావాలి. మిత్రులారా, సెలవుల్లో ఈ పని మనమే మొదలుపెట్టొచ్చు. సైన్సు చదివే రైతుబిడ్డలు చేయకపోతే ఇంకెవరు చేస్తారు?