సాధనకు వదులు జడ చాలదా?

మోరిస్‌విల్‌లో కూచిపూడి నేర్చుకునే మన ఆడపిల్లలకు ప్రదర్శన రోజున సవరం, జడగంటలు, పూలజడ ఉండాల్సిందే. నాకూ ముచ్చటే. కానీ వారం వారం సాధనకూ, ఆఖరికి బడికీ కణతలు లాగేసేలా బిగించడం ఎందుకు? అలా లాగగా లాగగా నుదుటి అంచున జుట్టు పలచబడుతుంది. వైద్యులు దీన్ని ట్రాక్షన్ అలోపీషియా అంటారు. మొదట్లోనే జడ వదులు చేస్తే మళ్లీ మొలుస్తుంది. ఏళ్ల తరబడి సాగితే కుదుళ్లే దెబ్బతింటాయి, అప్పుడు ఏ నూనే తిరిగి తేలేదు.

పిల్ల ‘నొప్పమ్మా’ అంటే ‘కాస్త ఓర్చుకో’ అనకండి, అక్కడికక్కడే వదులు చేయండి. ప్రదర్శన కాగానే సవరం, పిన్నులు తీసి చెమట ఆరనివ్వండి, మర్నాడు తలంటండి. తడి జుట్టు అల్లొద్దు. చుండ్రుంటే నూనె దట్టించొద్దు. చుండ్రు తెచ్చే ఫంగస్ బతికేదే జిడ్డు మీద.

సాధనకు వదులు జడతో పంపుతామని గురువుగారితో చెప్పడానికి మొహమాటమెందుకు?